సున్నా మార్కుల గీజరు

రాయొద్దనుకున్నాను గానీ నవ్వాగలేదు. పెందుర్తిలో మా బావ కొత్త గీజరుకి తానే ఎర్తింగ్ వేశాడు. మీటరుతో చూసేదాకా స్నానం చెయ్యనని అక్క భీష్మించుకు కూర్చుంది. తీగలో కరెంటుకి అడ్డెంతుందో చెప్పే చేతి మీటరు నాది. ఉప్పుగాలికి చిలుమెక్కిన దాని క్లిప్పుల్ని చింతపండుతో తోమి (ఇంట్లో ఇత్తడి చెంబుకైనా ఇంత సేవ చెయ్యలేదు), ఆరబెట్టి పట్టుకెళ్లాను. మెయిన్ ఆపి, క్లిప్పులు రెండూ కలిపి మీటరుని సున్నాకి తెచ్చి, ఒకటి గీజరుకి, ఒకటి ఎర్తు తీగకి తగిలించాను.

"సున్నా పాయింట్ ఒకటి," అన్నాను.

"ఏట్రా, నానంత కష్టపడి ఏస్తే సున్నాయేనా? మళ్లీ సూడు!" అన్నాడు బావ.

"ఇందులో సున్నాకి దగ్గరైతేనే పాసు బావా."

"నన్ను ఓదార్సకు!"

మా బళ్లో మార్కులు ఇలా వేసుంటే నేనే ఫస్టు. మీ సంగతేంటి?

మెయిన్ వేశాక, అక్క ముందు బావని స్నానానికి పంపింది.