మా పక్కింటావిడ, వాళ్ల అమ్మమ్మ తండ్రి

మా పక్కింటావిడ పోయిన మంగళవారం పోయింది. ఒక్క వాక్యంలో రెండు పోవడాలు పడ్డాయి. బందరు అచ్చాఫీసులో కంపోజిటర్‌గా పనిచేసిన రోజుల్లోనైతే ఒకటి మార్చమని రచయితకు కబురు పెట్టేవాణ్ణి. ఇప్పుడు మార్చాలనిపించడం లేదు.

మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?"

"గోంగూర వలుస్తున్నాను."

"కూర్చునే ఉన్నావుగా? పక్కింటి ఆంటీ ఇంక లేరు నాన్నా. హాస్పిటల్ నుంచి వాళ్ల నీస్ కాల్ చేసింది."

"సరే."

"సరే ఏంటి?"

"విన్నానని."

ఫోన్ పెట్టేసి మిగిలిన కట్ట కూడా వలిచాను. ఆకులు ఒకవైపు, కాడలు ఒకవైపు. కాడల్ని శుభ్రంగా కడిగి గిన్నెలో పెట్టి, ఆకుల్ని చెత్తబుట్టలో వేశానని సాయంత్రం మా అమ్మాయి చూపించేదాకా నాకు తెలియలేదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. చెయ్యి మీద బరువు పెట్టుకుని పడుకుంటే లేచాక అది మన చెయ్యి కానట్టుంటుంది చూశారా, వారం రోజులుగా మనిషినంతా అలాగే ఉన్నాను.

అమెరికాలో, ఈ హెర్న్‌డన్ ఊళ్లో మా ఇళ్లు వరసలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మా వంటింటికీ ఆవిడ వంటింటికీ మధ్య ఒకటే గోడ. ఆవిడ కెటిల్ కూస్తే నాకు టీ గుర్తొచ్చేది. మా ఇంట్లో తిరగమోత పడితే ఆవిడకు తుమ్ము వచ్చేది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మా మనవరాలికి బస్ ఆంటీ. ఇంగ్లీషులో 'యూ' ఒకటే గానీ, ఆవిడ నన్నన్న 'యూ' నాకు ఎప్పుడూ 'నువ్వు' గానే వినపడేది. నేనన్న 'యూ' మాత్రం 'మీరే'. ఇక్కడ అలాగే రాస్తాను.

మా పరిచయం మందుల షాపులో అయింది. మా ఇంటిపేరు చింత. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా, పాస్‌పోర్టు నింపినప్పుడు నేనూ అలాగే రాశాను. దాంతో ఈ దేశంలో నా సొంత పేరు చింత అయిపోయింది, మా నాన్న పెట్టిన పేరు ఇంటిపేరై కూర్చుంది. కౌంటర్ దగ్గర అమ్మాయి "చింతా, చింతా" అని మూడుసార్లు పిలిచింది. నేను కదల్లేదు. ఆ పేరుతో పిలిస్తే మా వంశంలో ఎవరైనా పలకవచ్చు, నేనే ఎందుకు పలకాలి? వెనక లైన్లో ఉన్న ఒక పొడుగాటి ముసలావిడ నా వీపు మీద తట్టింది.

"నీ గుమ్మం ముందు పెట్టిన పార్సిల్ మీద ఆ పేరు చూశాను. వెళ్లు, నిన్నే."

తర్వాత ఆ పేరుకు అర్థమేమిటని అడిగింది. చెట్టు పేరని చెప్పి ఊరుకోవలసింది. దిగులు అనే అర్థం కూడా ఉందని చెప్పాను. ఇక రోజూ చెత్త డబ్బా బయట పెట్టేటప్పుడు అదే పలకరింపు: "గుడ్ మార్నింగ్ చింతా, ఇవాళ దేన్ని గురించి?"

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆవిడ భోజనాల బల్ల మీద నేనెన్నడూ భోజనం చూడలేదు. నిండా కాగితాలు. వాళ్ల అమ్మమ్మ తండ్రి ఐర్లండ్‌లో కోస్ట్‌గార్డ్‌లో పనిచేశాడట. పేరు థామస్ ఫ్రాన్సిస్. ఇందులో ఫ్రాన్సిస్ ఇంటిపేరు. కోస్ట్‌గార్డ్ అంటే నేను తుపాకులున్న ఓడ ఊహించుకున్నాను. ఆవిడ నవ్వి ఒక ఫోటో చూపించింది: సముద్రపు ఒడ్డున ఒకే కప్పు కింద ఆరిళ్ల వరస, ముందొక జెండా కర్ర, కిందొక పడవ. దొంగతనంగా పొగాకు దిగుతోందా, ఏ ఓడైనా రాళ్లకు కొట్టుకుందా అని దుర్భిణీ పట్టుకుని కాపలా కాయడం వాళ్ల పని. చాలామంది ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లే. ఒడ్డున ఉన్న ఊరివాళ్లతో చనువు పెరగకూడదని కొన్నేళ్లకొకసారి చోటు మార్చేసేవారు.

"మా పెదనాన్నది ఇదే ఉద్యోగం!" అన్నాను.

మా పెదనాన్న ఉప్పు కొటారులో జవాను. ఉప్పు ఎత్తుకుపోకుండా కాపలా. ఆయన్నీ సొంత ఊళ్లో వేసేవారు కాదు. నలుగురు పిల్లలు నాలుగు ఊళ్లలో పుట్టారు. మా పెద్దమ్మకు సంవత్సరాలు గుర్తుండేవి కావు. "పెద్దాడు చినగంజాంలో, రెండోవాడు నౌపడాలో" అని పిల్లల్ని ఊళ్లతో లెక్కపెట్టేది. అది విని పక్కింటావిడ లేచి నిలబడింది. ఆవిడ చేస్తున్నదీ అదే. పిల్లలు ఎక్కడెక్కడ పుట్టారో చూసుకుంటూ తన ముత్తాత ఉద్యోగం వెంట నడుస్తోంది. ఆ రోజు నుంచి మా పెద్దమ్మంటే ఆవిడకు మహా గౌరవం.

ఇంత తాపత్రయం ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను.

వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా ఆ పేరు ఒక తిట్టు. కొత్త స్టేషన్‌కు బదిలీ అయ్యి, ఇల్లు కుదరగానే పిలిపిస్తానని పెళ్లానికీ ముగ్గురు పిల్లలకీ చెప్పి వెళ్లాడు. పిలుపు రాలేదు. ఉత్తరం రాలేదు. వేరే ఆడదానితో పోయాడని ఊరు తేల్చేసింది. ఆ ఇల్లాలు నెలల తరబడి చూసి, తమ్ముడి వెంట పిల్లల్ని తీసుకుని పెన్సిల్వేనియా వచ్చేసింది. ఉన్న ఒక్క కుటుంబ ఫోటోలో ఆయన్ని కత్తెరతో కత్తిరించేసింది. చిన్నపిల్ల భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చిన్నపిల్లే మా పక్కింటావిడ అమ్మమ్మ. చచ్చేదాకా ఎవరి మాటా నమ్మలేదట. కూతుర్ని నమ్మనివ్వలేదు, మనవరాలికీ అదే నేర్పింది.

"నాకు ఒక్కటే తెలియాలి. వదిలేసి పోయాడా, చచ్చిపోయాడా? ఏదైనా ఫరవాలేదు. తెలిశాక పోతాను" అంది.

పాత స్టేషన్ల రిజిస్టర్లలో ఆయన ఉన్నాడు. చివరిదాంట్లో బదిలీ అని రాసి ఉంది. వెళ్లవలసిన కొత్త స్టేషన్ రిజిస్టర్‌కు కంప్యూటర్‌లో పెట్టిన పేర్ల పట్టికలో మాత్రం లేడు. ఉద్యోగంలో చేరనే లేదంటే ఊరన్నదే నిజమని అర్థం. అయినా ఆవిడ వెతకడం మానలేదు. బస్సు డిపోలో నేర్పిన ఒక నియమం ఉండేది ఆవిడకు. పిల్లలందరూ దిగాక, డ్రైవర్ సీట్లో కూర్చుని బస్సు ఖాళీ అనకూడదు. చివరి సీటు దాకా నడిచి, వంగి చూసి రావాలి. "ఎవరో ఒక పిల్లాడు నిద్రపోయి ఉంటాడు చింతా" అనేది. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు ఆవిడ చేసింది ఆ నడకే.

మీలో కొందరికైనా ఇప్పటికే తట్టి ఉంటుంది. నాకు తట్టడానికి నాలుగేళ్లు పట్టింది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నేను చదివిందంతా సీసపు అచ్చుల్లో, ఎడమ కుడైన అక్షరాల్లోనే. అలాంటి కళ్లు పెట్టుకుని నాలుగేళ్లు ఆ పేరును తిన్నగానే చూశాను! కిందటి చలికాలం ఆవిడ గుండె బలహీనపడి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం వచ్చింది. టైపు చేస్తే చేతులు వణుకుతున్నాయని నన్ను కూర్చోబెట్టింది. పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి. నేను అలవాటు చొప్పున ఇంటిపేరు ముందు గడిలో కొట్టాను.

"తప్పు. ఫ్రాన్సిస్ రెండో గడిలో" అంది.

"ఆ రిజిస్టర్లలో ఏది ముందు రాస్తారు?"

"ఇంటిపేరే ముందు. మీ వాళ్లలాగే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మీ ముత్తాతను కూడా, నన్ను మందుల షాపులో పిలిచినట్టే పిలుస్తున్నారేమోనండీ" అన్నాను.

"కొట్టు. తిరగేసి కొట్టు" అంది.

కొట్టాను. పేరు ఫ్రాన్సిస్, ఇంటిపేరు థామస్. అదే స్టేషన్, అదే సంవత్సరం. రిజిస్టర్ చూసి పట్టిక తయారుచేసిన పుణ్యాత్ముడెవరో, ముందున్నది సొంత పేరనుకుని ఎక్కించేశాడు. మనిషి ఎక్కడికీ పోలేదు. చెప్పిన చోటికి వెళ్లి, చెప్పిన ఉద్యోగంలో చేరాడు.

అసలు పేజీ నకలు లండన్ నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గోడ అవతల కెటిల్ ఎన్నిసార్లు కూసిందో చెప్పలేను. వచ్చిన రోజు గోడ మీద పిడికిలితో గుద్దింది. వెళ్లాను. కవరు విప్పలేదు, నా చేతికిచ్చింది. వాళ్ల పద్ధతిలో చివరి గడిలో మనిషి ఏమయ్యాడో అక్షరాల్లో రాస్తారు. ఆర్ అంటే పారిపోయాడు. డి.డి. అంటే చనిపోయినందువల్ల పేరు తీసేశారు.

"డి.డి." అన్నాను.

"మళ్లీ చూడు."

"డి. ఇంకో డి. పక్కన సన్నగా 'పడవ తిరగబడి' అని ఉంది. చేరిన తొమ్మిదో రోజు."

ఉత్తరం ఎందుకు చేరలేదో ఆ కాగితంలో లేదు, మాకు ఎప్పటికీ తెలియలేదు. పెళ్లాం పిల్లలు ఓడ ఎక్కేనాటికి ఆయన పోయి ఐదు నెలలైంది. ఆవిడ గొట్టం సవరించుకుని అంది:

"పుట్టినప్పటి నుంచీ ఆయన మీద కోపంగా ఉన్నాను చింతా. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టను?"

ఇంత వయసొచ్చింది, ఏదో ఒక మంచి మాట రావాలి కదా. "టీ పెట్టనా?" అన్నాను. పెట్టు అంది.

మరునాడు, చనిపోయినవాళ్లకు మీలో ఏం చేస్తారని అడిగింది. నువ్వులూ నీళ్లూ వదులుతూ నాన్న, తాత, ముత్తాత పేర్లు చెబుతామని, అమ్మ వైపువాళ్ల పేర్లు కూడా అని చెప్పాను. "పేరు తిరగేసి చెబితే వస్తారా?" అంది. మా పురోహితుణ్ణి అడగాలన్నాను. "వద్దులే, పాపం, ఆయన్ని కూడా చింతలో పెట్టకు" అని నవ్వింది. నేను విన్న ఆఖరి నవ్వు అదే.

ఆ సాయంత్రమే ఇంకో మాటంది. గోడకు అంటించిన వంశపటంలో ముత్తాత గడి కింద తను ఎప్పుడో పడుచు వయసులో పెన్సిల్‌తో ఒక మాట రాసుకుందట. "అది చెరిపెయ్యి. నా చెయ్యి అంత ఎత్తుకు లేవడం లేదు." నా కళ్లజోడు ఇంట్లో ఉంది. రేపు చెరిపేస్తానండీ అన్నాను. ఆ రేపు ఆవిడ్ని అంబులెన్సులో తీసుకెళ్లారు.

అంత్యక్రియలు బాగా జరిగాయని మా అమ్మాయి చెబుతోంది. నేనూ వెళ్లాను. ఎవరెవరు వచ్చారో అడిగితే చెప్పలేను, నేల మీద కార్పెట్ రంగు మాత్రం చెప్పగలను.

నిన్న ఆవిడ మేనకోడలు ఇల్లు సర్దుతోంటే వెళ్లి తలుపు కొట్టాను. నలభై ఏళ్ల పిల్ల, అత్తలాగే పొడుగు.

"కాగితాలు మీరు తీసుకుంటారా అంకుల్? నాకేమీ అర్థం కావడం లేదు" అంది.

"కాగితాలొద్దమ్మా. ఒక్క రబ్బరు ఇవ్వు చాలు."

వెతికి తెచ్చి ఇచ్చింది. పటం ఎదురుగా కుర్చీ వేసుకుని ఎక్కాను. పడతారేమో అని ఆ పిల్ల కుర్చీ పట్టుకుంది. ముత్తాత గడి కింద ఒకే ఒక మాట: పారిపోయాడు. గట్టిగా ఒత్తి, మీద మళ్లీ దిద్ది రాసింది. చెరిపాను. నల్లటి పొడి నా చొక్కా మీదా ఆ పిల్ల జుట్టు మీదా రాలింది. బాగా తెల్లబడేదాకా రుద్దాను. ఆ పిల్ల వెళ్లి బ్లైండ్స్ ఎత్తింది. పక్క నుంచి ఎండ పడింది. ఆ చోట పెన్సిల్ మరక ఒక్కటి కూడా లేదు, కానీ కాగితం లోపలికి దిగిన ఆ అక్షరాలన్నీ నీడలతో అలాగే ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. కళ్లు మూసుకున్నా చదవొచ్చు.