అల్లుడుగారిని ఎవరు పట్టుకోవాలి?

దొరలు కాలువ తవ్వించినప్పుడు మా ఊరు రెండుగా చీలిందని పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు ఊహ తెలిసేనాటికి ఇవతలి గట్టు మాది, అవతలి గట్టు వేరే ఊరు. ఎండాకాలంలో మరమ్మతులకని ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపేస్తే కాలువ అడుగు ఆరి గట్టిపడేది. అప్పుడు రెండు ఊళ్ల జట్లూ అందులోకి దిగి చెడుగుడు ఆడేవి. ఆ నేల ఎవరిదీ కాదు కాబట్టి తగాదా లేదు. కాలువ పొడుగునా నడిమధ్య గీత గీస్తే చాలు, ఎవరి గట్టు వైపు వాళ్లు.

మా పెదనాన్నకి మగపిల్లలు లేరు. అక్కకి అవతలి గట్టు నుంచే ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చాడు. అంతకుముందు అతను కూతకి వస్తే మా జట్టు సగం ఖాళీ అయ్యేది. అలాంటివాడు మనవాడయ్యాడని మా జట్టు పొంగిపోయింది. బావకీ ఒకటే కోరిక, ఈ ఊరివాడు అనిపించుకోవాలని.

రోజూ సాయంత్రం మాలో మేమే రెండు జట్లుగా విడిపోయి ఆడేవాళ్లం. అక్కడే నాకు ఓ వింత కనిపించింది. బావ కూత పెడుతూ వస్తే ఒక్కడూ పట్టుకోడు. గిత్తల్ని కొమ్ములు పట్టి ఆపే మా మేనమామ కూడా పక్కకి తప్పుకుని, "దయచెయ్యండి అల్లుడుగారూ" అనేవాడు.

"ఏంటి మావయ్యా, పట్టుకోవేంటి?" అని అడిగాను.

"పెళ్లిలో మీ పెదనాన్న కడిగిన కాళ్లురా అవి. పట్టి లాగితే మర్యాదేనా?"

తమాషా ఏమిటంటే, కొన్నాళ్లకి వాళ్లే ఆ సంగతి మరిచిపోయి, అల్లుడుగారికి ఎదురే లేదని గట్టిగా నమ్మేశారు.

అవతలి ఊరితో పోటీ రోజున మొదటి కూతకి బావే వెళ్లాడు. సొంత అన్నగారే ఎదురొచ్చి, రెండు కాళ్లూ వాటేసుకుని బోర్లా పడేశాడు. మేం ఇక కోలుకోలేదు. చిత్తుగా ఓడిపోయాం.

పెదనాన్న మజ్జిగ ముంతతో పరుగున వచ్చాడు. "మీ తప్పేం లేదండి అల్లుడుగారూ, కాలు జారింది."

బావ ముంత అందుకోలేదు. "మా అన్నయ్య పట్టుకున్నాడండి. మీరెవరూ పట్టుకోరు. మరి నేనెక్కడివాణ్ణండి?" అన్నాడు. కండువా భుజాన వేసుకుని అవతలి గట్టు వైపు నడక సాగించాడు.

నాకు భయం వేసింది. ఈయన అటే వెళ్లిపోతే అక్క గతేమిటి? పరుగెత్తి వెళ్లి, వెనకనుంచి రెండు కాళ్లూ పట్టి లాగేశాను. ఇద్దరం మట్టిలో పడ్డాం.

"అయ్యో, అపచారం!" అని పెదనాన్న గోల పెట్టాడు. బావ విదిలించుకోబోయాడు. నేను వదల్లేదు. ఇంతలో మావయ్య వచ్చి, కాస్త తటపటాయించి, బావ నడుం మీద కూలబడ్డాడు. ఆ పైన ఇంకొకడు, వాడి పైన మరొకడు. అందరికన్నా అడుగునుంచి నవ్వు వినిపించింది.

"లెగండ్రా, ఊపిరాడ్డం లేదు!"

మాలో ఎవర్నీ ఆయన అంతవరకూ అండి అనకుండా పిలిచి ఎరగడు.

ఇంటికొచ్చాక బావ మోకాళ్లు చూసి అక్క నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. బావ తనకోసం వాల్చిన పీట పక్కకి నెట్టి, నా పక్కనే కటిక నేల మీద కూర్చుని అన్నం పెట్టమన్నాడు.