ఏడు కిలోల చేతి సంచి

2018 జులైలో కంపెనీ నన్ను కెనడాకు పంపింది. చేతికిచ్చిన ఉత్తర్వు ఒక పేజీకి మించలేదు. విమానం తలుపు కీలును పట్టి ఉంచే ఒక ఉక్కు బ్రాకెట్‌ను నా చేతి సంచిలో పెట్టుకుని, దారిలో ఎవరి చేతికీ ఇవ్వకుండా, కొనుగోలుదారు పరీక్షశాలలో అప్పగించి రావాలి. అప్పుడు నేను ఆదిబట్ల దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. ఇబ్రహీంపట్నంలో ఇప్పుడుంటున్న ఇంటి నుంచే రోజూ కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. రిటైర్ కావడానికి రెండేళ్లుంది. అంతకుముందు నేనెక్కిన విమానం ఒక్కటే, ఢిల్లీ దాకా.

మా పనిలో కొత్త భాగం ఏదైనా మొదట ఒక్కటే చేస్తారు. దాన్ని ఫస్ట్ పీస్ అంటాం. కొనుగోలుదారు దాన్ని అన్ని కొలతలూ తీసి ఒప్పుకుంటేనే మిగతావి చేయడం మొదలవుతుంది. ఈ బ్రాకెట్ ఫస్ట్ పీస్ అప్పటికే ఒకసారి వెళ్లి తిరస్కారంతో వచ్చింది. కొరియర్‌లో పంపాం. చేరేసరికి ఒక అంచు నలిగి ఉంది. బయటి పెట్టెకు గీత కూడా పడలేదు కాబట్టి దెబ్బ ఫ్యాక్టరీలోనే తగిలిందని వాళ్లు రాశారు. రెండోది కూడా చెడితే ఆర్డరు వేరేవాళ్లకు ఇస్తామని కూడా రాశారు.

ఆ దెబ్బ నింద వచ్చి పడింది ఖాజా మీద. రావిర్యాల మనిషి. వాళ్ల నాయన ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టీలు వేసేవాడు. కొడుకు మా ఫ్యాక్టరీలోకెల్లా ఖరీదైన మిల్లింగ్ మెషీన్ నడిపేవాడు. మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఫస్ట్ పీస్ చేసినవాడే దాన్ని ప్యాకింగ్ బల్ల దాకా తెచ్చి, పెట్టెలో తన చేత్తో పడుకోబెట్టాలి. మొదటి బ్రాకెట్‌ను అలా పెట్టింది ఖాజానే. నేను తనిఖీ చేసినప్పుడు అంచు బాగానే ఉంది. ఆ తర్వాత దాన్ని ముట్టింది అతనొక్కడే. మేనేజరు అతన్ని మెషీన్ మీద నుంచి తీసి, పదును అంచులను ఆకురాయితో రుద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రెండో బ్రాకెట్ చేసే ఆ కొద్ది రోజులు మాత్రం మెషీన్ మీదికి రానిచ్చి మళ్లీ బల్లకే పంపాడు. ఇది ఒప్పుకుంటే మెషీన్ అతనికి తిరిగి వస్తుంది. లేకపోతే ఉద్యోగమే ఉండదు. ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

ఈసారి పీస్‌ను పెట్టెలో నేనే పెట్టాలని ఆదేశం. ఖాజా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నర్సింహన్నా, నన్ను ముట్టొద్దన్నరు. ముట్ట. కనీసం కింద పరిచే ఫోమన్న కోసిస్త. గదన్న చేయనియ్యి."

ఫోమ్ అంటే పెట్టె అడుగున పరిచే మెత్త. వస్తువు ఆకారానికి సరిపోయేలా గుంత కోయాలి. ఆ పనిలో అతని చేయి కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు. సరేనన్నాను. మరునాడు మెత్త పరిచిన పెట్టె నా బల్ల మీద ఉంది. చేతి తొడుగులు వేసుకుని, తుప్పు పట్టనివ్వని సంచిలో బ్రాకెట్‌ను పెట్టి, గుంతలో అమర్చి, మూత వేసి, నంబరున్న సీలు బిగించాను. సీలు వేసినవాడిదే లోపలి వస్తువులన్నిటి బాధ్యత. మా నిబంధనల పుస్తకంలో అలాగే ఉంది.

ఇక సంచి సర్దుకోవడం. విమానం లోపలికి ఏడు కిలోలే తీసుకెళ్లనిస్తారు. బ్రాకెట్టూ పెట్టే కలిపి అయిదు కిలోలు దాటాయి. నాకు మిగిలింది రెండు కిలోల లోపు. పెద్ద పెట్టెను విమానం కింది అరలో వేస్తారు, కానీ దారిలో విమానం మారే ప్రయాణంలో అది నాతోపాటే చేరుతుందన్న నమ్మకం లేదు. అందుకని ఒక సూత్రం పెట్టుకున్నాను. కింది పెట్టె రాకపోయినా పని ఆగకూడదు. ఆ లెక్కన ఒక చొక్కా, లోబట్టలు, బీపీ మాత్రలు, వాటి చీటీ, చదువుకునే కళ్లద్దాలు, కాగితాల ఫైలు. తర్వాత నా పని సామాను: రెండు జతల కొత్త నూలు తొడుగులు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, రెండు అదనపు సీళ్లు. కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటివి లోపలికి రానివ్వరు కాబట్టి చేత్తో లాగితే తెగే రకం సీళ్లే తెచ్చాను.

మా ఇంటావిడ అండాలు ఇదంతా మంచం మీద పరిచి చూసి నవ్వింది.

"ఒక్క అంగి, రెండు జతల చేతి తొడుగులా? పెండ్లికి పోతున్నవా, ఆపరేషన్‌కా?"

"పీస్ ముట్టాల్సొస్తే?"

"మూతేసి సీలేసినవ్ గద, ఎవడు ముడ్తడు?" అంటూనే ఆమె జొన్న రొట్టెల పొట్లం, కారంపొడి పెట్టింది. చింతకాయ తొక్కు డబ్బా కూడా పెట్టబోతే, తడి పదార్థాలు లోపలికి రావని చెప్పి తీయించాను. చివరికి కొత్త తెల్ల తువ్వాల ఒకటి తెచ్చింది. బరువని వద్దన్నాను.

"మొకం తుడుసుకోను ఏం జేస్తవ్? గా కాగితాల తోని తుడుసుకుంటవా? ఉండనియ్యి."

కిరాణా కొట్టులో తూకం వేయించాను. ఏడుకు కొద్దిగా తక్కువ వచ్చింది. తువ్వాల ఉండిపోయింది.

విమానం ఉదయం పూట. కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి కాగితాల మీద ముద్ర వేయించుకుని భద్రతా తనిఖీకి వెళ్లాను. లోహపు వస్తువు గురించి కంపెనీ ముందే ఉత్తరం రాసింది కాబట్టి పెట్టె తెరవాల్సిన అవసరం రాదనుకున్నాను. ఎక్స్‌రే తెర ముందున్న ఉద్యోగి బెల్టు ఆపాడు. ఉత్తరంలో ఒక బ్రాకెట్ అని ఉంది, కింద గుండ్రంగా ఇంకొకటి ఉంది, అదేమిటి అని హిందీలో అడిగాడు. నాకూ తెలియదు. తెలియదు అనే మాట ఆ చోట అనకూడనిది. అయినా అదే అన్నాను.

పెట్టె తెరవమన్నాడు. ముట్టుకోవద్దని, నేనే తెరుస్తానని చెప్పాను. బల్ల మీద తెల్ల తువ్వాల పరిచి, తొడుగులు వేసుకుని, సీలు తెంపాను. బ్రాకెట్‌ను సంచితో సహా తువ్వాల మీద పెట్టి మెత్త పైకి లేపాను. దాని అడుగున ఇంకో గుంత కోసి ఉంది. అందులో, బ్రాకెట్‌కు వాడే అదే రకం సంచిలో, అంచులు రెండు మడతలు వేసి అతికించిన పొట్లం. విప్పితే ఆకుపచ్చ గుడ్డ పేలిక, అందులో ఒక నిమ్మకాయ.

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఉద్యోగి కూడా నవ్వి, ఇంట్లోవాళ్లు పెట్టి ఉంటారు, తీసుకెళ్లొచ్చు అన్నాడు. నాకు నవ్వు రాలేదు. విమాన భాగాల పనిలో పరాయి వస్తువు అనేది పెద్ద నేరం. మరిచిపోయిన చిన్న మేకు, గుడ్డ ముక్క, ఏదైనా సరే, అది ఒకనాడు విమానంలోకి చేరుతుందన్న భయంతో దాన్ని చూస్తాం. అందులోనూ నిమ్మరసం ఉక్కును తింటుంది. సంచి మడతలు వేళ్లతో తడిమి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. బ్రాకెట్‌ను వెలుతురులో పెట్టి ప్రతి అంచునూ భూతద్దంతో చూశాను. బాగుంది. నిమ్మకాయనూ గుడ్డనూ నా జేబులో వేసుకుని, పెట్టె మళ్లీ సర్ది అదనపు సీలు వేశాను.

అప్పుడు, పెట్టె తెరిచినట్టు నా కాగితం మీద సంతకం పెట్టమని అడిగాను. తమ పద్ధతిలో అది లేదన్నాడు. సీలు నంబరు మారింది, సంతకం లేకపోతే ఈ వస్తువు అక్కడ చెల్లదు అన్నాను. విమానానికి ఆలస్యమవుతుందన్నాడు. అవనివ్వండి, నిలబడతాను అన్నాను. నిలబడ్డాను కూడా. చివరికి వాళ్ల పై అధికారి వచ్చి, కాగితం చదివి, సంతకం పెట్టాడు.

విమానంలో కూర్చున్నాక రెండు పనులు మిగిలాయి. ఒకటి నిమ్మకాయ. కెనడాలో దిగేముందు తాజా పండ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయంటే పెట్టె మళ్లీ తెరుస్తారు. లేవని అబద్ధం చెప్పలేను. చెత్తబుట్టలో వేయడానికి చేయి రాలేదు. ఆకుపచ్చ గుడ్డ ఏ దర్గాదో నాకు తెలుసు, ఖాజా ప్రతి గురువారం పోయే ఊరి బయటి దర్గాది. ఎయిర్ హోస్టెస్‌ను గోరువెచ్చని నీళ్లడిగి, భోజనం పళ్లెంలో ఇచ్చిన కత్తితో కోసి, ఉప్పు పొట్లం చింపి వేసుకుని తాగాను. తొక్కలు పళ్లెంతోపాటు వెళ్లిపోయాయి. గుడ్డ పేలికను డైరీలో పెట్టుకున్నాను.

రెండోది ఆ కాగితం మీద జరిగింది రాయడం. తనిఖీలో పెట్టె తెరిచారు అని మాత్రమే రాసి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు, కానీ సగం. నిమ్మకాయ గురించి రాస్తే, అప్పటికే ఒక నింద మోస్తున్న మనిషికి రెండోది తగులుకుంటుంది. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్న నియమానికే వచ్చాను. ఇన్‌స్పెక్టర్ తాను చూసింది అంతా రాయాలి, చూడనిది రాయకూడదు. మెత్త కింద ఒక నిమ్మకాయ, విడి సంచిలో, వస్తువుకు తగలకుండా కనిపించింది. తీసివేశాను. వస్తువును మళ్లీ చూశాను. చెక్కుచెదరలేదు. మెత్త కింద చూడకుండా సీలు వేసింది నేను. ఇదంతా రాశాను. నిమ్మకాయ ఎవరు పెట్టారో నేను చూడలేదు. అది రాయలేదు.

కింది పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ ఒక్క చొక్కాతోనే పరీక్షశాలకు వెళ్లాను. అక్కడి పెద్ద ఇన్‌స్పెక్టర్ నా వయసు మహిళ. సీలు నంబరు తేడా చూసి భుజాలు బిగించింది. కాగితం అందించాను. చదివింది. ఆ పండు ఎక్కడుంది అని అడిగింది. తాగేశానని చెప్పాను. కళ్లద్దాలు తీసి నన్ను ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకుని, బ్రాకెట్‌ను కొలత బల్ల మీదికి తీసుకెళ్లింది. మర్నాడు సాయంత్రం దాకా కొలిచారు. అన్ని కొలతలూ సరిపోయాయి. ఒప్పుకున్నారు. ప్యాకింగ్ పద్ధతి మార్చుకోవాలని మాత్రం ఒక షరతు రాశారు.

తిరిగి వచ్చాక మేనేజరు గదిలో కూర్చోబెట్టి, ఎవరు పెట్టారని అడిగాడు. చూడలేదన్నాను. అనుమానమైనా చెప్పమన్నాడు. అనుమానానికి నా ఫారాల్లో గడి లేదు అన్నాను. మెత్త కింద చూడకుండా సీలు వేసినందుకు నా సర్వీసు ఫైల్లో ఒక మెమో చేరింది. అన్ని సంవత్సరాల్లో అదొక్కటే. రిటైరయ్యే రోజున కూడా అందులోనే ఉంది.

ఆ వారమే ఖాజా మెషీన్ దగ్గరికి తిరిగి వచ్చాడు. భోజనం వేళ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఖాజా, ఫోమ్ కింద ఏం పెట్టినవ్?"

ముద్ద నోటి దాకా పోలేదు. "దొరికిందా అన్నా?"

"విమానాశ్రయంల దొరికింది. అందరి ముంగట."

"రసం కారకుండ సంచిల పెట్టిన. రెండు మడతలేసిన."

"మడతలు చూసిన. మడతలల్ల తప్పు లేదు. ఇంకొకడు గట్ల పెడితే నువ్వేమంటుంటివి?"

"మెడ పట్టి బయటికి నూకుతుంటి." తల దించుకున్నాడు. "మొదటి పీస్‌ని గూడ ఇంతే మంచిగ పెట్టిన అన్నా. అయినా దెబ్బ తగిలె. ఇగ నా చేతుల మీద నాకే నమ్మకం లేకపాయె. మరి పారేసినవా దాన్ని?"

"తాగిన."

"తాగినవా!" అని ముద్దను మళ్లీ డబ్బాలో దించాడు. "ఉప్పేసుకొనేనా?"

"ఉప్పేసుకొనే."

"అయితే కెనడా దాక పోయిందన్నట్టు" అని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. డైరీలోంచి గుడ్డ పేలిక తీసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు.

కొనుగోలుదారు షరతు ప్రకారం కొత్త పద్ధతి రాసే పని నాకే పడింది. అందులో రెండు మార్పులు చేశాను. ఖాళీ పెట్టెను, మెత్తను సీలు వేసేవాడే ముందుగా తిప్పి చూడాలి. సీలు వేసేముందు, పీస్ మీద చేయి వేసిన ప్రతివాణ్ణి పిలిచి, ఇందులో నువ్వేమైనా పెట్టావా అని ముఖం చూసి అడగాలి. పాత ఆచారాన్ని కూడా తిరిగి చేర్చాను. చేసినవాడే పీస్‌ను పెట్టెలో పడుకోబెడతాడు, ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి చూస్తాడు. నేనున్నంత కాలం మళ్లీ ఏ పెట్టెలోనూ ఏమీ దొరకలేదు. ఖాజా నిమ్మకాయలు అతని టిఫిన్ డబ్బా పక్కన ఉండేవి.

దూర ప్రయాణానికి చేతి సంచిలో ఏం పెట్టుకోవాలని ఇప్పటికీ మా వీధిలో వాళ్లు అడుగుతుంటారు. మందులు, కాగితాలు, ఒక చొక్కా అని అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. దానికి ఒకటి కలుపుతాను. మీ సంచిని ఎవరో ఒకరు తెరుస్తారు. తెరిచిన చోట మీ పని చెడకుండా ఏం కావాలో అది పెట్టుకోండి. ఇంట్లో సంచి సర్దడంలో చేయి వేసినవాళ్లు ఎంతమంది ఉంటే అందరినీ ఒకసారి అడిగి మూయండి.