మూడు పోగుల ఫ్యూజు

మా ఆయనకు ఓపిక లేదని నేనేనాడూ అనలేదు. ఉన్న ఓపికంతా అక్కర్లేని చోట ఉండేదన్నదే నా తగువు.

అరవైల మొదట్లో మక్తల్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన కచ్చేరీలో గుమాస్తా, నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. ముందుగదిలో ఆయన లైసెన్సు తీసుకుని కట్టుకున్న రేడియో స్టేషను. అందులోంచి ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడేవాడు. ఇంట్లో మనిషితో మాట్లాడటానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి కాబోలు, అంత ఉత్సాహం ఉండేది కాదు.

దానికి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మరు కొన్నది కాదు. ఒక ఎండాకాలమంతా ఆయన రాగితీగ చుడుతుంటే నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. వంద చుట్లకు ఒక చింతగింజ గిన్నెలో వేయాలి. పాలు పొంగినా లేవడానికి లేదు. అది ఆయన ఒక్కడిదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది.

మా లైను మీదే నూనె మిల్లు. అది ఆడినంతసేపూ బల్బు పచ్చగా గుడ్డిగా వెలిగేది. సాయంత్రం మిల్లు ఆపగానే వోల్టేజి ఎగిసి తెల్లగా మండేది. అప్పుడు సెట్టు నడిపితే ఫ్యూజు పోయేది. పోవడమే దాని పని. మా వీధిలో మాత్రం ఫ్యూజు పోతే వైరులోంచి ఒక పోగు లాగి కట్టేవాళ్లు, మళ్లీ పోతే రెండు, ఆపైన మూడు. మా ఆయనా మూడుకు వచ్చాడు.

"మూడు పోగులు కడితే గది ఫ్యూజెట్లయితది? మోకు అయితది," అన్నాను.

"మాట మధ్యల తెగుతాంది. నీకేం తెలుసు?"

"తెలుసు గనకనే బడిల చెప్తున్న. తెల్వకుంటే మీలెక్కనే కడుదును."

ఇంటి ఓనరు అవ్వ గడపలోంచి తొంగిచూసింది. "ఏంది బిడ్డా, గింత తీగకు సారుతోని గంత కొట్లాటా?"

ఆ ఆదివారం సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే బల్బు తెల్లబడింది.

"మిల్లు ఆగింది! బందు చేయుండ్రి."

"జర ఆగు. అవతలాయన జవాబిస్తాండు."

అంతలో సెట్టులోని కండెన్సరు టప్పుమని పగిలి షార్టయింది. వార్నిషు కాలిన కమురు గదంతా నిండింది. నేను ఉరికి మెయిన్ స్విచ్ దించేసరికే ట్రాన్స్‌ఫార్మరు పొగలు కక్కుతోంది. ఫ్యూజు మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆయన కాలిన ట్రాన్స్‌ఫార్మరును ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "అను," అన్నాడు. "చెప్పినవు గద."

"చెప్పి చెప్పి నోరు నొస్తాంది," అన్నాను. నిజంగానే ఓపిక లేదు.

రెండు నెలలకు కొత్త తీగ తెచ్చి, చింతగింజల గిన్నె నా ముందు పెట్టాడు.

"ఇగ ఫ్యూజు నేనే కడ్త. ఒక్కటే పోగు. పోతే చీకట్ల కూసుందం," అన్నాను.

"సరే."

"సరే అని ఎన్నిసార్లన్నరు?"

ఆయన వైరు కోసి, ఒంటి పోగు తీసి నా చేతిలో పెట్టాడు. కొంగున ముడేసుకుని లెక్క మొదలుపెట్టాను. గిన్నెలో నాలుగో గింజ పడ్డాక నాకు కునుకు పట్టింది.

"ఎంతయింది?"

"తెల్వదు," అన్నాను.

ఆయన తీగ మొదటిదాకా విప్పడం మొదలుపెట్టాడు. నేను గిన్నెలోంచి నాలుగు గింజలూ తీసి కిందపెట్టి, కొంగు ముడి ఉందో లేదో తడిమి చూసుకుని, "కానియ్యండ్రి," అన్నాను. "ఒకటి."