ఇటిక్యాల దారిలో వడ్లు

తమ్ముడు చనిపోయిన నెలకు గద్వాలలో రైలు దిగి, ఇటిక్యాల దారిలో అతని బైకును లారీ గుద్దిన చోటికి వెళ్లాను. అక్కడే నిలబడి ఉంటే, చేను గట్టు మీద కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది.

“ఆ పిలగానికి ఏమైతవు బిడ్డా?”

“అన్నను.”

“ఆ దినం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు నావే. చుట్టు రాళ్లు వెట్టిన. వాటిని తప్పియ్యవోయి లారీ పక్కకు జరిగింది. పోలీసోళ్లు నన్ను అడుగలే.”

డ్రైవర్‌ను తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి.

“ఆ వడ్లు అమ్మలే, వండలే. మూటలు ఇంట్లనే ఉన్నయి. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు.”

మా ఇంట్లోనూ అప్పటికి ఎవరూ సరిగా తినడం లేదు. వండుకోమని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.