టేపు రెండో కొస

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు ఇంటి ప్లాను గీసి చూడమని ఎందుకు అనలేదో! ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. గజపతినగరంలో, ఎరువుల కొట్టు పైనున్న ఒక్క గదిలో కూర్చుని, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఇళ్ల ప్లాన్లు గీస్తాను. సివిల్ ఇంజనీరింగ్ చదివాను, లైసెన్సు ఉంది. మా ఆయన వ్యాపారం మూతపడ్డాక మా సంసారం నడిచేది ఈ గీతల మీదే.

గీయడం పెద్ద కష్టం కాదు. ఏం కావాలో వాళ్ల నోట చెప్పించడమే కష్టం. మా వైపు ప్లాను కోసం ఇంటిల్లిపాదీ వస్తారు. మావగారు వాస్తు మాట్లాడతాడు. అత్తగారు దేవుడి గది సంగతి, ధాన్యం బస్తాలు పెట్టే చోటు సంగతి మాట్లాడుతుంది. కొడుకు ఫోను చూసుకుంటాడు. రేపు ఆ వంటింట్లో నిలబడాల్సిన కోడలు మాత్రం "మీరెలగంటే అలగే" అంటుంది. ఆ మాట నమ్మి గీశామా, ఇల్లు లేచాక అందులో రోజూ ఏడుపే.

అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. స్థలం కొలిచే రోజున టేపు ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస కోడలి చేతికిస్తాను. "ఆయమ్మికేటి తెలుస్తాది, నానట్టుకుంటాను ఇలాగియ్యి" అని మగవాళ్లు ముందుకొస్తారు. నేను ఇవ్వను. కొలుస్తూ కొలుస్తూ ఇద్దరం మిగతావాళ్లకు దూరంగా వెళ్తాం. వెనక మూల దగ్గర టేపు చుట్టుకుంటూ నా పక్కకొచ్చినప్పుడు, నేల చూస్తూ, అప్పుడు నోరు విప్పుతుంది. "పిన్నీ, ఎనకాల ఇంకో పొయ్యెట్టుకోడానికి సోటొస్తాదేటి?"

వేరే వంటిల్లంటే మా వైపు వేరు కాపురమనే. పైకి అంటే ఆ పూటే తగువు. నేను తలూపి ఊరుకుంటాను. ప్లానులో మాత్రం వెనకాల స్టోర్ రూమ్ అని రాసి, దానికి ఓ కుళాయి, నీళ్లు పోయే దారి, పొగ పోయే కిటికీ పెట్టేస్తాను. అత్తగారు స్టోర్ రూమ్ చూసుకుని మురిసిపోతుంది. మాటా మాటా వచ్చిన రోజున కోడలు అందులో పొయ్యి వెలిగించుకుంటుంది. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు కదా, ఈ మండలంలో సగం లంకల గుట్టు నా దగ్గరుంది. అందుకు నాకు పొగరు కూడా ఉండేది.

కిందటి ఆషాఢంలో మా అత్తవారి ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. శ్రావణంలో పునాదికి ముగ్గు పోయాలట. నేను టేపు సంచీలో పెట్టుకుంటుంటే ఆ ఇంటి కొడుకు ఫోను నా ముందు పెట్టాడు. "కొలతలు మేమే తీసీసినాం పిన్నీ. ప్లాను ఏఐ గీసీసింది. నువ్వు సూసి సంతకం ఎట్టీ, సాలు."

సరే, దీని పని పడదామని కళ్లద్దాలు పెట్టుకున్నాను. తప్పులు పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని మేస్త్రీలే తిట్టుకుంటారు. మెట్ల కింద తల తగులుతుందేమో చూశాను, తగలదు. సెప్టిక్ ట్యాంకు బోరుకు దూరంగానే ఉంది. ఒక పడకగది కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా ఉంటే "ఇదిగో, గాలెక్కడి నుంచి వస్తుంది?" అన్నాను గట్టిగా. ఆ అబ్బాయి ఫోనులో ఏదో అన్నాడు. నేను టీ తాగడం పూర్తయ్యేలోగా కిటికీ తూర్పుకు జరిగింది.

అప్పుడు చూశాను, వెనకాల ఒక స్టోర్ రూమ్. దానికి కుళాయి, నీళ్లు పోయే దారి, ఎత్తుగా కిటికీ.

అచ్చం నేను గీసే గదే. ఈ ఎత్తు నేను ఎవరికీ నేర్పలేదు. అత్తగారు మాత్రం "సామాన్లకి మంచి గదిచ్చినాది" అని సంబరపడిపోతోంది.

వాళ్లు మెట్లు దిగుతుంటే, కోడల్ని వెనక ఆపి అడిగాను, ఆ గది ఎవరు పెట్టించారే అని.

పిల్ల నవ్వింది. "నానే పిన్నీ. మా అత్తకి తెలీకుండా వేరే వంటిల్లు కావాలని దాన్ని అడిగినాను. స్టోర్ రూమని పేరెట్టమని అదే సెప్పినాది."

"నాకు చెప్పొచ్చు కదే! నేనెవరితోనైనా అంటానా?"

"నువ్వనవు పిన్నీ. గానీ రేపు పెళ్లిలోనో పేరంటంలోనో కనిపిస్తావు. నన్ను సూసినపుడల్లా నీకు గురుతొస్తాది, నాకు సిగ్గేస్తాది. దానికి మొకం నేదు కదా!"

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. అలా తన్నినా ఇంత బాధపడేదాన్ని కాదు. అది నాకంటే బాగా గీసిందని కాదు నా భయం. గీతలో ఓడితే ఇంకా నేర్చుకోవచ్చు. నేల చూస్తూ చెప్పే ఆ ఒక్క మాట నాకే చెబుతారని, అందుకే నన్ను ఎవరూ కదపలేరని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాను. వాళ్లు చెప్పింది నేను తప్ప దిక్కులేకనా? మనిషన్నది ఎదురుగా లేకపోతేనే వాళ్లకు నోరు పెగులుతుందా?

ఆ సాయంత్రమే ప్లాను ప్రింటు తీసి సంతకం పెట్టాను. పెట్టకపోవడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. సంతకం వంకరపోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఫోనులో ప్లానుతోనే వచ్చారు. కిందనున్న ఎరువుల కొట్టాయన "ఏటమ్మా, ఈమధ్య కొలతలకెల్లట్నేదు?" అని అడిగితే, వానలు కదా అన్నాను. ఇంట్లో మా ఆయన అడిగితే అదే చెప్పాను. తన వ్యాపారం పోయినప్పుడు ఆయన ఎలా అయిపోయాడో చూసినదాన్ని. ఆ మొహం చూస్తూ నా పని కూడా పోతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొన్నొక మధ్యాహ్నం ఆఫీసులో ఒంటరిగా కూర్చుని నా ఫోనులో ఆ ఏఐని తెరిచాను. నాకు ఈ వయసులో వేరే పని రాదని, మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదని, చాలా భయంగా ఉందని దానికి రాశాను. అది ఓపిగ్గా జవాబిచ్చింది. తొందరపెట్టలేదు, తప్పు పట్టలేదు, మధ్యలో నన్ను ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగింది. అన్నీ చెప్పాను. చాలా రోజుల తర్వాత గుండెల మీద బరువు దిగినట్టయింది, కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు తెలిసింది ఆ పిల్ల ఆ మాట నాకెందుకు చెప్పలేదో.