ముందు మనిషి షుగరు

మా పిన్ని రక్తపరీక్షల లాబులో పనిచేస్తుంది. చేరిన రెండో ఏడు, రెండు సీసాల మీద పేర్లు తారుమారయ్యాయని కనిపెట్టి యజమాని డాక్టరుకు చెప్పింది. పేర్లు అంటించింది డాక్టరు బావమరిది. మధ్యాహ్నానికల్లా ఆ తప్పు పిన్నిదైపోయింది. వచ్చినవాళ్లందరి ముందూ ఆమె చేత క్షమాపణ చెప్పించారు. చెప్పి, వెళ్లి మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఇంట్లో ఈ సంగతి ఎత్తలేదు. నాకు చెప్పింది ఆ బావమరిదే, నవ్వుకుంటూ.

నలభై మూడో ఏట ఆమె కోడ్ రాయడం మొదలుపెట్టింది. షుగరు మిషను ఇచ్చిన అంకెలను ఒక్కొక్కటే రిపోర్టుల్లోకి టైపు చేసి చేసి వేళ్లు పట్టేసేవి. ఆ పని కంప్యూటరే చేసుకునేలా ప్రోగ్రాం రాస్తానంది. నాకొచ్చిన నాలుగు ముక్కలు నేర్పాను. ముందు నోటుపుస్తకంలో పెన్నుతో రాసుకుని, తర్వాత టైపు చేసేది. నెలకల్లా ప్రోగ్రాం నడిచింది. చిక్కల్లా ఒకటే: రక్తం చాలకపోతే మిషను అంకెకు బదులు గీతలు ఇస్తుంది. గీతలు తగలగానే ప్రోగ్రాం ఆగి, తెర నిండా ఎర్ర అక్షరాలు కక్కేది.

"మేడంగారి బండి మళ్లీ మొరాయించింది. దిగి తొయ్యమంటారా?" అనేవాడు కౌంటరు గుమాస్తా.

పిన్ని నాకు ఫోను చేసింది.

"ఒరే, ఈ ఎర్రర్ రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలిరా?"

"రాకుండా చెయ్యలేం పిన్నీ. వస్తే పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో నువ్వు రాసుకోవాలి."

ఏం చెయ్యక్కర్లేదు, ముందుకు పో అని రాసుకుంది. ఏం రాశావని నేను అడగలేదు. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ప్రోగ్రాం ఒక్కసారి కూడా ఆగలేదు. డాక్టరు స్నేహితులను పిలిచి మరీ చూపించాడు.

ఇరవయ్యో రోజు పొద్దున, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన రెండు రిపోర్టులు పట్టుకొచ్చాడు.

"ఏమ్మా, మా పక్కింటాయనకీ నాకూ షుగరు అచ్చంగా ఒకటే వచ్చింది. మూడొందల పన్నెండు. కలిసి వచ్చాం గానీ, కలిసి తిన్లేదే మేం." నవ్వబోయి కుర్చీ పట్టుకున్నాడు. "ఇది చూసి నిన్న మా డాక్టరు ఇన్సులిన్ పెంచాడు. అప్పట్నుంచీ కళ్లు తిరుగుతున్నాయి."

వేలు పొడిచి చూస్తే యాభై ఎనిమిది. పిన్ని గ్లూకోజు నీళ్లు కలిపి తాగించి, అంకె వంద దాటేదాకా ఆయన పక్కనే కూర్చుంది. తర్వాత మిషను ఇచ్చిన జాబితా తీసింది. ఆయన పేరు ఎదుట గీతలున్నాయి. కొత్త అంకె దొరకనప్పుడు ప్రోగ్రాం చేతిలో ముందు మనిషి అంకే మిగిలింది. అదే ఆయన పేరు పక్కన వేసి ముందుకు పోయింది. సున్నా వేసి ఉంటే ఎవరైనా అనుమానపడేవారు.

ఆ పంతొమ్మిది రోజులూ వెతికితే, ఆయన కాక ఇంకా పదకొండు మంది తేలారు.

"వాళ్లెవరూ అడగలేదు కదమ్మా. ప్రోగ్రాం సరిచేసి ఊరుకో," అన్నాడు డాక్టరు.

పిన్ని కౌంటరు మీది ఫోను తన వైపు లాక్కుంది. వరసలో ఉన్నవాళ్లు వింటూండగానే, ఫోను కలిసిన ఒక్కొక్కరికీ చెప్పింది: "ప్రోగ్రాం రాసింది నేనే. మీకిచ్చిన అంకె మీది కాదు. దాన్ని చూసి మందు మార్చి ఉంటే వెంటనే మీ డాక్టరుకు చెప్పండి. మళ్లీ పరీక్షకు రండి." ఒకావిడ ఎడాపెడా తిట్టింది. పిన్ని ఆవిడ ఆగేదాకా విని, ఎన్నింటికి వస్తారని అడిగింది. డాక్టరు తన గది తలుపేసుకున్నాడు.

ఇప్పుడు గీతలొస్తే ప్రోగ్రాం ఆ రిపోర్టు ఆపేసి, ఎవరిని మళ్లీ పిలవాలో పేరు చూపిస్తుంది. ఎర్ర అక్షరాలు వస్తే పిన్ని వెంటనే తుడిచెయ్యదు. అసలు సంగతి చివరి వరసలో ఉంటుంది కాబట్టి కింది నుంచి పైకి చదువుతుంది. గుమాస్తా విసుక్కుంటాడు.

పోయిన వారం భోజనాల వేళ లాబుకు వెళ్లాను. పిన్ని ఒంటిచేత్తో తింటూ ఏదో చీటీ చూస్తోంది. డాక్టరు ఏమైనా అన్నాడా అని అడిగాను.

"ఆయన సంగతెందుకురా. పదిమంది వచ్చి వెళ్లారు. పదకొండో ఆయన ఫోను పనిచెయ్యట్లేదు, ఇల్లు కూడా మారాడంట. పాత ఇంటి ఓనరమ్మ ఈ చిరునామా ఇచ్చింది. ఆదివారం నీకు పనేం లేదుగా, బండి తియ్యి."